నొప్పి కనబడని నడక

“ఎడమ కాలేనే జమునా. నా కొడుకు కాలు నాకెరుక ఉండదా?” అంది ఐలవ్వ మళ్లీ.

“బొగ్గు టబ్బు గుద్దింది ఎడమ కాలుకే అత్తమ్మా, నేను కాదన్ననా? గని ఈ రెండు నెలల సంది దవాఖానల చూపిస్తున్నది కుడి కాలు. ఎక్స్‌రే తీసింది కుడి మోకాలుకు. బోర్డు డాక్టర్ల ముంగట ఎడమ కాలు కుంటితె వాళ్లు నవ్వరా?”

“దెబ్బ తాకిన కాలును ఇడిసిపెట్టి మంచి కాలును కుంటమంటవా? దాని ఉసురు తాకదా?”

“కాలుకు ఉసురేంది అత్తమ్మా!”

వాకిట్లో సదయ్య లుంగీ ఎగగట్టి, చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. తల్లి మాట్లాడినప్పుడు ఎడమ కాలూ, భార్య మాట్లాడినప్పుడు కుడి కాలూ కొంచెం కొంచెం లేపుతున్నాడు. “మీరిద్దరు కలిసి ఏదన్న ఒక్కటి చెప్పున్రి. నేను గదే కుంటుత” అన్నాడు విసుగ్గా.

పక్క క్వార్టర్ అరుగు మీద పళ్లు తోముకుంటున్న కొమురెల్లి నోట్లో నురగతోనే నవ్వాడు. ఆయన రెండేళ్ల కిందట మెడికల్ బోర్డుకు వెళ్లి అన్‌ఫిట్ అనిపించుకుని కొడుక్కి నౌకరి పెట్టించిన మనిషి. ఈ విషయంలో కాలనీ అంతా ఆయన సలహా అడుగుతుంది. “కుడిదే సదన్నా. కాయిదంల ఏ కాలుంటె గదే నీ కాలు” అని తీర్పు చెప్పి నోరు పుక్కిలించాడు.

సదయ్యకు నొప్పి లేకపోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా కప్పుకు దుంగలు నిలబెట్టిన మనిషికి మోకాళ్లు నొయ్యకుండా ఉండవు. ఆ నొప్పి బోర్డుకు చాలినంత లేదు, అంతే. వచ్చే నెల కొత్తగూడెం పెద్ద దవాఖానలో డాక్టర్ల ముందు నడవాలి. వాళ్లు అన్‌ఫిట్ అని రాస్తే ఆయన ఇంటికి వస్తాడు, ఆయన నౌకరి కొడుక్కి వెళుతుంది. కొడుకు లేనివాళ్లకు అల్లుడికి. కూతురికి ఇచ్చే పద్ధతి లేదు. అందుకే బోర్డు నాటికి సదయ్యకు ఒక అల్లుడుండాలి. అక్క సారవ్వ కొడుకు వీరేందర్ ఉన్నాడు. మాటలన్నీ అయిపోయాయి. ఈ ఆదివారం వాళ్లొచ్చి ముహూర్తం అనుకుంటే సరిపోతుంది.

గేటు చప్పుడైంది. సదయ్య కూతురు మమత లోపలికొచ్చింది. భుజం మీద రెండు పొడుగాటి టేకు పలకలు. వడ్రంగి రాజం చిత్రిక పట్టి, ముందు కొసలు పైకి వంచి, సదయ్య పాత బాయి బూట్లను వాటికి మరలతో బిగించి ఇచ్చిన పలకలవి. జడలో, చెవుల్లో, మెడ మడతల్లో ఇసుక.

“ఆగు, ఆగు. ఆడనే దులుపుకో. ఇప్పుడే ఊడ్చిన” అంది జమున.

మమత పలకలు గోడకు ఆనించి తల వంచి జడ దులుపుకుంది. పోయిన చలికాలం కాలేజీ ఎన్‌సీసీ వాళ్లు ఆమెను హిమాలయాలకు స్కీయింగ్ కోర్సుకు పంపారు. చిన్నప్పటి నుంచి స్టేడియంలో జిమ్నాస్టిక్స్ చేసిన పిల్ల. మంచు దిబ్బ అంచు నుంచి ఎగిరి, కాళ్లకు కట్టెలతోనే గాల్లో ఒక పల్టీ కొట్టి దిగితే, అక్కడి కోచ్ నోట మాట రాక ‘మళ్లీ కొట్టు’ అన్నాడట. ఈసారి మూడు నెలల క్యాంపుకు రమ్మన్నాడు. ఇంకో రెండేళ్లలో మంచు ఆటల ఒలింపిక్స్ ఉన్నాయి, గాల్లో పల్టీల పోటీ అందులో ఉంది, మన దేశం నుంచి ఇంతవరకూ ఆ పోటీకి వెళ్లిన పిల్ల లేదు అని చెప్పాడట. ఆ మాట విన్న రోజు నుంచి మమత అన్నం తింటూ కూడా గాల్లో చెయ్యి తిప్పి చూసుకుంటుంది. వస్తున్నదీ లేనిదీ సోమవారం లోపల ఫోన్ చేసి చెప్పాలి.

పోనని చెప్పాలి. పెళ్లి మాట వచ్చినప్పుడు మమత ఎక్కువ మాట్లాడలేదు. “బాపు బాయిల నుంచి బయటికొస్తడంటే నాకేంది, సరే” అంది. మర్నాడు పొద్దున కూడా పలకలు భుజాన వేసుకుని వెళ్లింది. ఆదివారం దాకా పోనీలే అని ఎవరూ అడ్డం చెప్పలేదు.

“క్యాంపుకని నిన్న కరీంనగర్‌ల డాక్టర్లు చూసిన్రంటివి. ఏమన్నరే?” అడిగింది ఐలవ్వ.

“ఫిట్ అన్నరు అవ్వా.”

“అయ్యో బిడ్డా!” ఐలవ్వ చెయ్యి గుండె మీదికి పోయింది. “మల్లొక్కసారి సూడుమనకపోతివా?”

మమత ఇసుక దులుపుకోవడం మానేసి నవ్వింది. జమునకూ నవ్వొచ్చింది. ఐలవ్వ తప్పేం లేదు. ఈ కాలనీలో ఆ మాట చెడ్డ కబురు. పోయిన నెల నర్సింగంకు బోర్డు ఫిట్ ఇచ్చిందని తెలిసి ఆడవాళ్లు వరసగా వెళ్లి వాళ్లింట్లో కూర్చుని పరామర్శించి వచ్చారు. ఒకామె ఏడ్చింది కూడా.

“మాకు ఫిట్ అంటేనే మంచిది అవ్వా. అన్‌ఫిట్ అంటె ఇంటికి తోలుతరు.”

“బాపును సుత ఇంటికే తోలాలె గద. ఒక్కింట్ల రెండు తీర్లేందే!” అని ఐలవ్వ చేట తీసుకుని బియ్యంలో మట్టిగడ్డలు ఏరసాగింది.

సదయ్య వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. కుడి కాలు ఈడుస్తూ, పెదవి కొరుకుతూ, ప్రతి అడుగుకూ ‘హబ్బ’ అంటూ. మమత చూసింది. ఊరుకోలేకపోయింది.

“గట్ల కాదు బాపూ.”

“ఇంకెట్ల?”

“నువ్వు నొప్పున్న కాలు మీదనే ఎక్కువసేపు నిలబడుతున్నవ్. నిజంగ నొస్తే దాని మీద నిలబడరు. ఇట్ల ఆనిచ్చి జల్ది మంచి కాలు మీదికి పోతరు. చూడు.” ఆమె వాకిట్లో అటూ ఇటూ నడిచి చూపించింది. “మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందల. దిగేటప్పుడు నొప్పి కాలు ముందల. కాలు దిక్కు చూడొద్దు. మూలుగొద్దు.”

“మూలుగకుంటె వాళ్లకెట్ల తెలుస్తది?”

“నొప్పున్నోళ్లు అది కనబడకుంట నడువ చూస్తరు బాపూ. నువ్వు కనబడాలని నడుస్తున్నవ్. డాక్టర్లు పట్టేది గదే.”

సదయ్య కర్ర పక్కన పెట్టి ఆమె చెప్పినట్టు నడిచాడు. మమత ఆయన వెనకే నడిచింది, భుజం మీద చెయ్యి వేసి, బరువు ఎప్పుడు మార్చాలో తడుతూ. మూడోసారికి ఆ నడక చూసి కొమురెల్లి నవ్వడం మానేశాడు. జమున చేతిలో చీపురు ఆగింది. నిజంగానే ఏదో అయిన మనిషిలా ఉన్నాడు. భర్తకు నొప్పెట్టినట్టే అనిపించి, “ఇగ సాలు. చాయ తాగు” అంది.

పిల్ల ఏం చేస్తున్నదో జమునకు అప్పుడు తట్టలేదు. పొయ్యి మీద చాయ పొంగుతుంటే తట్టింది. ఆ నడక కుదిరితే ఆగిపోయేది తన ఆటే. అది తెలిసే నేర్పుతున్నది.

*

సకల జనుల సమ్మె ముగిసి నెల కావస్తున్నా కాలనీ ఇంకా పూర్తిగా షిఫ్టుల్లో పడలేదు. జమునకు మాత్రం ఈ రెండు నెలలు వేరే కాలంలా గడిచాయి. సమ్మెలోనూ, ఆ తర్వాత సిక్కు సెలవులోనూ సదయ్య ఇంట్లోనే ఉన్నాడు. పగటి వెలుతురులో ఆయన ముఖం ఎట్లా ఉంటుందో ఆమె ఇప్పుడే చూస్తున్నట్టుంది. ఎంత రుద్దినా పోని బొగ్గు గీత కనురెప్పల అంచు నుంచి దానంతటదే తొలగిపోయింది. షిఫ్టు సైరన్ మోగితే ఆమె చేతిలో పని ఆగిపోవడం ఇంకా మానలేదు కానీ, తల తిప్పితే మనిషి మంచం మీద కనబడుతున్నాడు.

శుక్రవారం పొద్దున మమత చద్ది డబ్బా మరిచిపోయి వెళ్లింది. “ఇచ్చొద్దాం పా. నాకు నడక అలవాటైతది” అన్నాడు సదయ్య. ఇద్దరూ బయల్దేరారు. ఆయన కూతురు చెప్పినట్టే, కాలు దిక్కు చూడకుండా, మూలగకుండా నడిచాడు. ఎదురైనవాళ్లు “ఎట్లున్నదన్నా కాలు?” అని నిజంగానే అడిగారు.

మూతబడిన పాత బాయి దగ్గర ఇసుక బంకరు ఉంది. ఒకప్పుడు గోదావరి ఇసుకను అక్కడ పోసి, బొగ్గు తీసిన ఖాళీల్లోకి నీళ్లతో పంపేవాళ్లు. బంకరు తుప్పు పట్టింది కానీ పక్కన ఇసుక గుట్ట అట్లాగే ఉంది, రెండు తాటిచెట్ల ఎత్తున. దాని వాలు మీద మమత కన్వేయర్ బెల్టు ముక్కలు కలిపి పరిచింది. కింద ఇసుక బస్తాలు పేర్చి చిన్న దిబ్బ కట్టింది. దిబ్బ అవతల ఇసుకను పారతో తవ్వి మెత్తగా చేసింది. మంచుకు బదులు ఇదంతా.

వీరేందర్ అక్కడే ఉన్నాడు. ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు మీద డంపర్ నడుపుతాడు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఆగినట్టున్నాడు, ముఖమంతా దుమ్ము. బకెట్లో సబ్బునీళ్లు కలిపి బెల్టు మీద పోస్తున్నాడు.

“నువ్వు సుత ఈ పనిల పడ్డవా?” అంది జమున.

“నీళ్లు పోసెటోడు లేకుంటె మధ్యల ఆగుతది అత్తా. మొన్న ఆగి మొగం మీద పడ్డది.”

“పడనియ్యకపోయినవ్, బుద్ధొస్తుండె.”

వీరేందర్ నవ్వి బకెట్ కింద పెట్టాడు. తర్వాత నవ్వు తగ్గించి, సదయ్యకు వినపడకుండా, “ఇంకెన్నొద్దులు పోస్త అత్తా? మా అవ్వ పెండ్లైనంక ఈ దుంకుడు వద్దంటది. నాకైతె...” అని ఆగాడు. “నాకు పర్మనెంటు నౌకరి కావాలె. అబద్ధమెందుకు. పర్మనెంటోళ్లు చేసే పనికి, నేను చేసే పనికి ఏం ఫరక్ లేదు. గని జొరమొస్తే నాకు దవాఖాన లేదు, క్వార్టర్ లేదు. ఈమె ఆట బంద్ చేపిచ్చి తీసుకునుడు మాత్రం మంచిగ అనిపిస్తలేదు.”

అతను చెప్పిన రెండు మాటలూ నిజమే.

గుట్ట మీది నుంచి మమత చెయ్యి ఊపింది. అంత ఎత్తులో చిన్నగా, కాళ్లకు పలకలతో పెద్ద పురుగులా ఉంది. మోకాళ్లు వంచి వదిలింది. సబ్బునీళ్ల మీద పలకలు చర్రున జారాయి. దిబ్బ దగ్గర ఒక్క ఊపుతో పైకి లేచింది, తల వెనక్కి పోయింది, కాళ్లూ పలకలూ ఆకాశం వైపు తిరిగాయి. జమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంత ఎత్తున తలకిందులుగా ఉన్న బిడ్డ ముఖం ఆమెకు క్షణం పాటు కనిపించింది. భయం లేదు ఆ ముఖంలో. సూదిలోకి దారం ఎక్కిస్తున్నంత శ్రద్ధగా ఉంది.

తిరిగి వచ్చి ఇసుకలో దిగింది. ఎడమ పలక కొస ఇసుకలోకి దిగబడి ఒక పక్కకు దొర్లిపోయింది.

“మమతా!”

“ఏం కాలే, ఏం కాలే!” ఇసుక ఉమ్మేస్తూ లేచింది. బూట్ల తాళ్లు విప్పి, పలకలు చంకన పెట్టుకుని, నవ్వుతూ వాళ్ల దగ్గరికి నడిచొచ్చింది. తల్లి చేతిలో డబ్బా తీసుకుంది. “తిరుగుడు కుదిరింది బాపూ, చూసినవా? దిగుడే ఇంకా కుదర్తలేదు.” మళ్లీ గుట్ట ఎక్కడానికి వెళ్లింది. వీపు నిటారుగా, అడుగులు సమంగా.

తిరిగి వస్తూ సదయ్య కుంటడం మరిచిపోయాడు. రెండు వీధులు దాటాక గమనించి జమునే చెయ్యి గిల్లింది. “మంచిగ నడుస్తున్నవ్. ఎవలన్న చూస్తరు.”

“పిల్లకు ఎడమ కాలు మెలిపడ్డది” అన్నాడు.

“యాడ? మంచిగనే నడిచే గద.”

“మంచిగనే నడిచింది. ఇసుకల గంత మంచిగ ఎవలు నడుస్తరు?”

*

ఆ సాయంత్రం జమున వంటింట్లో జొన్న రొట్టెలు చేస్తోంది. ముందు గదిలో సదయ్య గొంతు వినపడింది.

“కాలు ఇటు పెట్టు.”

“ఏం కాలేదు బాపూ.”

“పెట్టు మరి, ఏం కాకుంటె.”

జమున తల తిప్పి చూసింది. మమత గడప పక్కన కూర్చుని ఎడమ కాలు చాపింది. సదయ్య ఆమె పైజామా అంచు పైకి మడిచాడు. చీలమండ వంకాయలా ఉబ్బి ఉంది. ఆయన బొటనవేలితో చుట్టూ నొక్కుతూ పోయాడు. ఒక చోట మమత ఊపిరి బిగబట్టింది కానీ చప్పుడు చెయ్యలేదు.

“ఎన్నిరోజులాయె?”

“మొన్నటి సంది. ఇయ్యాల మల్ల తాకింది.”

“బొక్క విరుగలే. నరం పట్టింది. చెప్పాలె గద బిడ్డా.”

“నలుగురికి తెలుస్తే క్యాంపుల దాకా పోతది బాపూ. మా ఎన్‌సీసీ మేడం ఫోన్ చేసి కోచ్‌కు చెప్తది. అన్‌ఫిట్ అంటరు.”

సదయ్య సున్నం, బెల్లం కలిపిన చిప్ప దగ్గరికి లాక్కున్నాడు. వేళ్లతో తీసి వాపు మీద పూయసాగాడు. మెల్లగా అడిగాడు.

“క్యాంపుకు పోయేది లేదంటివి గద. మల్ల దాసుడెందుకు?”

జమున చేతుల మధ్య రొట్టె ఆగింది.

పూత పూస్తున్న ఆ వేళ్ల వైపే మమత చూస్తూ ఉంది. “పోయేది లేదని నాకెరుకే” అంది చివరికి. “అయినా గట్లనే నడుస్తున్న బాపూ. ఎందుకో నాకు సుత ఎరుక లేదు.”

సదయ్య పాత గుడ్డ చింపి పట్టీ కట్టాడు. దుంగలకు తాడు బిగించే చేతులు. ఎక్కడా బిర్రు కాకుండా, ఎక్కడా వదులు కాకుండా కట్టి, ముడి పక్కకు వేసి, ఆ కాలును అట్లాగే తన తొడ మీద ఉంచుకుని కూర్చున్నాడు. ఐలవ్వ మూల నుంచి, “ఎవలికేమైందే?” అని అడిగింది.

పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా జమున పొయ్యి వైపు తిరగలేదు.

*

శనివారం సదయ్య వాకిట్లో నడవలేదు. కొమురెల్లి గోడ మీది నుంచి పిలిచి, “బోర్డుకు పోయే ముందు రెండొద్దులు ఉపాసముండు సదన్నా, మొగం గుంజుకపోతది” అని చెప్తే తల ఊపి లోపలికొచ్చాడు. మంచం నులక బిగించాడు. అది అయ్యాక కుళాయి కింద కూర్చుని గిన్నెలు తోముతున్న జమున పక్కన పీట వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. నేల అదిరి, వంటింటి బల్ల మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి.

“నాకు నొప్పున్నది” అన్నాడు సదయ్య. “లేదంటలేను. గని అది దాసుకోని పనిచేసేటంత ఉన్నది. చూపిచ్చుకునేటంత లేదు.”

జమున గిన్నె తిప్పి మసి రుద్దుతోంది.

“అన్‌ఫిట్ అయితె నాకు సుకమే. పొద్దంత ఇంట్ల ఉండొచ్చు. రెండు నెలల సంది నువ్వు అన్నం తినుకుంట సైరన్ దిక్కు చూస్తలేవు, నాకెరుకే.” ఆయన నేల మీద పడిన బూడిదను వేలితో ఒక దగ్గరికి తోశాడు. “నీకు భయమైతె బోర్డుకే పోత. నువ్వు ఏదంటె గది. అక్కకు మాటిచ్చిన, ఇప్పుడు ఆమె మొగం చూసి కాదనుడు నాకు చాత కాదు. నువ్వే ఆలోచించు.”

“అన్ని నా నెత్తి మీద పెట్టు” అంది జమున.

“నీ నెత్తి మీదనే ఉన్నది ఎప్పటి సంది.”

ఆయన లేచి వెళ్లాడు. మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగింది. జమున చేతులు వాటంతటవే ఆగాయి. వీధిలో బూట్ల చప్పుడు మొదలైంది. ఒక్కొక్క గేటూ తెరుచుకుంటున్నది. అన్ని గేట్లూ తెరుచుకున్నాయని తెలిసేదాకా ఆమె వింటూ ఉంది. సదయ్య ఇంట్లోనే ఉన్నాడు, అయినా విన్నది. సమ్మె ముగిసిన నాటి నుంచి వింటూనే ఉంది. ఆయన బాయి నుంచి బయటికొచ్చినా బాయి గేటు లోపలికి వీరేందర్ వెళతాడు. అప్పుడు ఈ కుళాయి దగ్గర కూర్చుని వినేది మమత అవుతుంది. జమునకు నిన్నటి ముఖం గుర్తుకొచ్చింది, ఆకాశంలో తలకిందులుగా ఉన్న ముఖం. తడి చేతులు చీరకు తుడుచుకుని, మళ్లీ ఆ తోమిన గిన్నెనే తోమింది.

*

ఆదివారం సారవ్వ వచ్చింది. కొడుకు బండి దిగి, గేటు దగ్గరి నుంచే, “ఏం తమ్మీ, ఏ కాలు?” అని అడిగి తనే పెద్దగా నవ్వింది. మిఠాయి డబ్బా ఐలవ్వ ఒడిలో పెట్టింది. వీరేందర్ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మమత మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, సమంగా నడిచి. సదయ్య ఆ నడక చూడకుండా తల దించుకున్నాడు.

జమున కోడికూర వండింది. అందరూ వరసగా చాప మీద కూర్చున్నారు. కొంతసేపు కూర గురించీ, సమ్మెలో పోయిన జీతం గురించీ మాటలు నడిచాయి.

“అయ్యగారిని అడిగొచ్చిన” అంది సారవ్వ. “వచ్చే నెల రెండు మంచిరోజులున్నయట. మొదటిదైతె బోర్డుకు పది రోజుల ముందే అయిపోతది. ఏమంటవ్ తమ్మీ?”

సదయ్య అన్నం కలుపుతున్నాడు. కలిపిన ముద్దనే మళ్లీ కలిపాడు.

“ఏందిరా, నోట్ల బొక్క ఇరికిందా? మాట్లాడవేంది?”

వీరేందర్ మామ వైపు చూశాడు, తర్వాత మమత వైపు. మమత నీళ్ల చెంబు పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది, ఎడమ మడమ నేలకు ఆనీ ఆననట్టు.

జమున కూర గిన్నె కింద పెట్టింది. గరిటె దాని మీద అడ్డంగా పెట్టింది. గొంతు పెంచలేదు.

“ఆయన బోర్డుకు పోడు వదినె.”

సారవ్వ చెయ్యి నోటి దగ్గర ఆగింది. “అంటె?”

“పోడు. చేసే శాతనైనన్ని రోజులు చేస్తడు. మమతను ఇప్పుడు పెండ్లికి కూసోపెడ్తలేం. రేపు ఆ కోచ్‌కు ఫోన్ చేసి వస్తున్న అని చెప్తది.”

మమత చేతిలో చెంబు తొణికింది. ఐలవ్వ ఒడిలోని మిఠాయి డబ్బా మూత మీద చెయ్యి పెట్టి ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తోంది.

“మరి నా కొడుకు?” అంది సారవ్వ. కోపం ఇంకా రాలేదు ఆ గొంతులోకి, ఆశ్చర్యమే ఉంది. “వాని సంగతేంది జమునా?”

జమున వీరేందర్ వైపు తిరిగింది. తిరగకుండా చెప్పొచ్చు. తిరిగే చెప్పింది.

“నీకు అన్యాలమే అయింది బిడ్డా. కాలేదని అనను. ఈ నౌకరి నీకు మా ఇంట్లకెళ్లి రాదు. నన్ను ఏమన్న అను, పడుత.”

వీరేందర్ కంచంలోకి చూస్తూ తల ఆడించాడు. అది సరే అనడమో, అర్థమైంది అనడమో ఎవరికీ తెలియలేదు.

సదయ్య తలెత్తి భార్యను చూశాడు. జమున ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసి, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

“రేపు సోమారం సంది ఫస్టు షిఫ్టు. తెల్లారకముందే లేవాలె. నేనే లేపుత.”